‘మాకూ తెలియదు’

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తినేసి, కుక్కర్ గిన్నెలు సింకులో నానేసి, నడుం వాలుద్దామనుకుంటుంటే కాలింగ్ బెల్ మోగింది. వచ్చింది పై వాటాలో అద్దెకుండే డాక్టరమ్మాయి. ఎంబీబీఎస్ అయిపోయి, మెడికల్ కాలేజీలో పీజీ చేస్తోంది. మత్తు డాక్టరవుతుందట. చేతిలో నాలుగు కాగితాలున్నాయి.

“ఆంటీ, మీరు బీఏ తెలుగు కదా. ఇది కాస్త చూసిపెట్టరా? అచ్చుతప్పులు దిద్దితే చాలు.”

నేను బీఏ చదివి ఇరవై నాలుగేళ్ళయింది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని నా దగ్గరికి కాగితం పట్టుకొచ్చిన మొదటి మనిషి ఈ పిల్లే. మా పిల్లల తెలుగు వాచకాలు కూడా ట్యూషన్ మాస్టారే చూశాడు. మురిసిపోయి కళ్ళజోడు పెట్టుకున్నాను.

మొదటి వాక్యం ఇది: “ఈ అధ్యయనం ఒక యాదృచ్ఛికీకృత ద్వంద్వ అంధ నియంత్రిత అధ్యయనం.”

“ఇది ఎవరు చదవాలమ్మా?”

“పేషెంట్లు, ఆంటీ. చదివి సంతకం పెట్టాలి.”

“ద్వంద్వ అంధ అంటే రెండు కళ్ళూ పోతాయనుకుంటారే!”

పకపకా నవ్వింది. గూగుల్‌లో పెడితే అలా వచ్చిందట. గైడ్ సారు, ఎథిక్స్ కమిటీ చూసి సరేనంటేనే పని మొదలుపెట్టాలట. పీజీ పిల్లలందరూ యూనివర్సిటీకి ఇలాంటి థీసిస్ ఒకటి ఇవ్వాల్సిందేనట. సరే, ముందు అసలు ఏం చేస్తున్నావో నాకు అర్థమయ్యేలా చెప్పు, అప్పుడు రాస్తానన్నాను. కాఫీ పెట్టి కూర్చోబెట్టాను.

చెయ్యి విరిగి ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళకి మనిషి మొత్తానికి మత్తివ్వకుండా, భుజం దగ్గర సూది వేసి ఆ చేతికి మాత్రం తిమ్మిరెక్కిస్తారు. అది కొన్ని గంటలు ఉంటుంది. తిమ్మిరి వదిలాక నొప్పి మొదలవుతుంది. ఆ మత్తు మందులో ఇంకో మందు కొద్దిగా కలిపితే తిమ్మిరి ఇంకాసేపు నిలుస్తుందని బయట చాలా చోట్ల చూశారు. మరీ తక్కువ మోతాదు కలిపినా సరిపోతుందా అన్నది ఈ పిల్ల ప్రశ్న. అరవై మందిని తీసుకుంటారు. ముప్ఫై మందికి ఆ మందు కలుపుతారు, ముప్ఫై మందికి వట్టి సెలైన్ నీళ్ళు కలుపుతారు. ఎవరికి ఏది అన్నది ముందే అంటించి పెట్టిన కవర్లో ఉంటుంది. సూదిలోకి మందు ఎక్కించేది ఇంకొకరు కాబట్టి ఏది వెళ్ళిందో పేషెంటుకీ తెలియదు, నొప్పి లెక్క రాసుకునే ఈ పిల్లకీ తెలియదు. ద్వంద్వ అంధ అంటే ఇదన్నమాట.

“నీకెందుకు తెలియకూడదు?”

“తెలిస్తే నా మనసు అటే లాగుతుంది కదాంటీ. మందు పడ్డవాళ్ళని ‘నొప్పి తగ్గింది కదా’ అని అడుగుతాను. పడనివాళ్ళని ‘నొప్పిగా ఉందా’ అని అడుగుతాను.”

నాకు నచ్చింది. మన వంట మనకి బాగానే ఉంటుంది కదా మరి.

కలం తీసుకున్నాను. రెండో పేజీలో మందు పేరు కనపడింది. డెక్సామెథాసోన్. దాని కింద ఒక వాక్యం: “మీకు ఈ ఔషధము లభించకపోవచ్చును.”

కలం అక్కడే ఆగిపోయింది. “రేపు ఇస్తానమ్మా” అని ఆ పిల్లని పంపించేశాను.

మా అక్కావాళ్ళది ఇంగ్లండ్, బర్మింగ్‌హామ్ దగ్గర. ఈ సంగతి ఇదివరకు ఇక్కడ రాయలేదు. 2020 ఏప్రిల్‌లో మా బావగారికి కోవిడ్ వచ్చింది. ఆస్పత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టారు. అక్కని లోపలికి రానివ్వలేదు. బావగారే ఫోన్ చేసి చెప్పారట: “ఇక్కడ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళది ఏదో ట్రయల్ ఉందట, చేరతారా అని అడుగుతున్నారు. సరేనన్నాను.”

ఆ రాత్రి అక్క నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నేనూ భయపడ్డాను. ప్రయోగం అనగానే మనకి గుర్తొచ్చేవి ఎలకలు, కుందేళ్ళు. పక్కనే వింటున్న అమ్మ, “ఖమ్మం ఆడపిల్లల్లాగానా?” అంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అని హాస్టల్ ఆడపిల్లలకి వేసి, చాలామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లతో సంతకాలు పెట్టించారని పార్లమెంటు సంఘమే రాసింది కదా. టీవీలో చూసింది అమ్మకి అలా గుర్తుండిపోయింది. మన భయం ఊరికే పుట్టింది కాదు.

అక్క కొడుకు అప్పుడు అక్కడే డిగ్రీ చదువుతున్నాడు. వాడే మా అందరికీ వీడియో కాల్‌లో విడమరిచి చెప్పాడు. ఆ ట్రయల్ పేరు రికవరీ. పీటర్ హోర్బీ, మార్టిన్ లాండ్రే అని ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్లు నడిపించారు. మార్చిలో మొదలుపెట్టి నెల తిరిగేసరికే దేశంలో పెద్ద ఆస్పత్రులన్నిటికీ పాకించారు. కొత్తగా కనిపెట్టిన మందులేవీ కావు, అన్నీ పాతవే. మలేరియాకి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్, హెచ్ఐవీ మందు ఒకటి, అజిత్రోమైసిన్, ఈ డెక్సామెథాసోన్. ఒక్కొక్క పేషెంటునీ కంప్యూటర్ ఏదో ఒక వైపు వేస్తుంది, చీటీ తీసినట్టే. అందులో ఒక చీటీ మీద ఏ మందూ ఉండదు. ‘మామూలు వైద్యం’ అని ఉంటుంది.

“అదేమిట్రా, మందే లేని చీటీ ఏమిటి?” అంది అమ్మ.

వాడు ఇంగ్లీషూ తెలుగూ కలిపి ఏదో చెప్పబోయాడు గానీ అమ్మకి ఎక్కలేదు. నేను అందుకున్నాను. “అమ్మా, ఈసారి ఆవకాయలో కొత్త రకం నూనె పోశావనుకో. ఊరగాయ పాడవలేదు. అది నూనె గొప్పా, కాయ గొప్పా, ఎండ గొప్పా? అదే రోజు అదే కాయతో ఒక జాడీ పాత నూనెతో కూడా పెట్టి ఉంటేనే కదా తెలిసేది.”

అమ్మ కాసేపు ఊరుకుని అడిగింది: “జాడీకైతే సరే. మనిషికి?”

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

బావగారికి మామూలు వైద్యం చీటీ వచ్చింది. అక్క డీలా పడిపోయింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ వస్తుందని ఆశపెట్టుకుంది. ఆ నెలలో మనందరం దాన్నే నమ్ముకున్నాం. మన దేశం నుంచి విమానాల్లో పంపించాం, వార్తల్లో గర్వంగా చెప్పుకున్నాం. మా తమ్ముడైతే మెడికల్ షాపులో దొరికినన్ని కొని బీరువాలో దాచాడు.

ఐదు రోజులకి వెంటిలేటర్ పెట్టారు. ఏప్రిల్ ఆఖరి వారంలో బావగారు వెళ్ళిపోయారు. ఇక్కడి నుంచి విమానాల్లేవు. ఫోన్‌లోనే చూశాం. శవపేటిక పక్కన దూరం దూరంగా నాలుగు కుర్చీలు, వాటిల్లో ఒకదాంట్లో మా అక్క. ఇంతకంటే రాయను.

జూన్ 5న ఆ యూనివర్సిటీ వాళ్ళే చెప్పారు, హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ఉపయోగమేమీ లేదని. 1500 మందికి పైగా అది ఇచ్చి, దానికి రెట్టింపు మందికి ఇవ్వకుండా చూస్తే చావుల్లో తేడా లేదు. బీరువాలో మాత్రలు అలాగే ఉన్నాయి. జూన్ 16న ఇంకో వార్త వచ్చింది. డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడుతోందని. రోజుకి 6 మిల్లీగ్రాములు, ఎక్కువలో ఎక్కువ పది రోజులు. అరవై ఏళ్ళ కింద నుంచీ ఉన్న మందు. మన వీధి చివర మెడికల్ షాపులో కొద్ది రూపాయలకి దొరికేది.

అక్క ఫోన్ చేసింది. ఏడవలేదు. “చూశావా?” అంది.

“చూశానక్కా.”

“వాళ్ళ దగ్గరే ఉందే ఆ మందు. ఆ ఆస్పత్రిలోనే ఉంది. ఆ బీరువాలోనే ఉంది. కంప్యూటర్ వద్దంది.”

ఏం చెప్పాలి? తర్వాత అంకెలన్నీ బయటికొచ్చాక అక్క కొడుకు వాటితో కూర్చుని వాళ్ళమ్మకి చెప్పాలని చూశాడు. మందు వేసినవాళ్ళు 2104 మంది, మామూలు వైద్యం అందినవాళ్ళు 4321 మంది. చీటీ తీసేనాటికే వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మందు లేకపోతే నూటికి 41 మంది నెలలోపు పోయారు, మందుంటే 29 మంది. బావగారికి చీటీ తీసిన రోజున ఆక్సిజన్ మాత్రమే ఉంది. వాళ్ళ లెక్క వేరు. మందు లేకపోతే నూటికి 26, మందుంటే 23. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్ళకి ఈ మందు వల్ల లాభమే లేదు, కీడేమోనన్న అనుమానం కూడా ఉంది.

“అమ్మా, తేడా నూటికి ముగ్గురే” అన్నాడట.

“ఆ ముగ్గురిలో మీ నాన్న ఒకరు కాదని రాసివ్వు” అందట మా అక్క.

వాడు నాకు ఫోన్ చేసి, పిన్నీ, తప్పు చేశానన్నాడు. లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్క అడిగినవాళ్ళకి చెప్పాల్సింది, ఏడ్చేవాళ్ళకి కాదు.

కొన్ని నెలల తర్వాత వాడే నాతో ఇంకోమాట అన్నాడు. అది నాకు ఇప్పటికీ మనసులో తిరుగుతూ ఉంటుంది. నాన్న ట్రయల్‌లో చేరకపోయినా ఆయనకి ఆ మందు ఇచ్చేవారు కాదు పిన్నీ, అన్నాడు. ఏప్రిల్‌లో డాక్టర్లకి ఆ మందంటే అనుమానం. అది ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని అణుస్తుందని భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అప్పటికి కోవిడ్‌కి స్టెరాయిడ్లు మామూలుగా వాడొద్దనే చెప్పింది. ఏ చీటీ మంచిదో ఆ రోజున ఆక్స్‌ఫర్డ్‌లో ఎవరికీ తెలియదు, తెలిసుంటే చీటీలే వేసేవారు కాదు. మామూలు వైద్యంలో పడ్డ ఆ 4321 మంది లేకపోతే ఈ మందు పనిచేస్తుందన్న సంగతి జూన్‌లో కూడా తెలిసేది కాదు.

అక్కతో ఈ మాట నేను అనలేదు. వాడూ అనలేదనుకుంటాను.

2021 మేలో మా ఇంటికొచ్చింది. మావారికి ఊపిరి అందక ఇక్కడే ఒక ఆస్పత్రిలో చేర్చాం. ఎలా చేర్చామో, ఎంత కట్టామో ఆ కథ వేరు. మా తమ్ముడు ప్లాస్మా కోసం వాట్సాప్ గ్రూపులన్నిటిలో మెసేజీలు పెడుతూ రెండు రాత్రులు నిద్రపోలేదు. ప్లాస్మా వల్ల ఉపయోగం లేదని మన ఐసీఎంఆర్ వాళ్ళే 39 ఆస్పత్రుల్లో 464 మందితో చేసి అంతకుముందు సంవత్సరమే తేల్చారు. రికవరీ వాళ్ళు ఆ జనవరిలో అదే చెప్పారు. మనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో ఉన్నామా? మే 17న గానీ దాన్ని వైద్యం జాబితాలోంచి తీసేయలేదు.

మూడోరోజు నర్సమ్మ కేస్ షీట్ పక్కన పెట్టి వెళితే చూశాను. చేతిరాత కొక్కిరాయిలా ఉన్నా ఒక పేరు మాత్రం చక్కగా చదవగలిగాను. దాని పక్కన 6 అంకె. ఆ కాగితం పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడ్డాను.

మావారు తొమ్మిదో రోజున ఇంటికొచ్చారు. ఆ మందు వల్లే అంటే నా దగ్గర రుజువు లేదు. నూటికి ముగ్గురి లెక్క నాకూ వర్తిస్తుంది కదా. మా కాలనీలోనే ఒకాయన జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే, ఆక్సిజన్ బాగున్నా, అవే మాత్రలు సొంతంగా కొనుక్కుని వేసుకున్నాడు. షుగర్ నాలుగొందలు దాటి, తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చి ఒక కన్ను తీసేయాల్సొచ్చింది. ఎవరికి పనిచేస్తుందో, ఎవరికి చేయదో రెండూ ఆ ఒక్క ట్రయల్లోనే ఉన్నాయి. మన దగ్గరికి సగమే చేరింది.

అక్క రోజూ ఫోన్ చేసేది. డిశ్చార్జ్ అయిన రోజున అడిగింది: “ఆయనకి అది ఇచ్చారా?”

ఏది అని నేను అడగలేదు. “ఇచ్చారక్కా.”

“మంచిది” అని ఫోన్ పెట్టేసింది. తర్వాత రెండు వారాలు ఫోన్ చేయలేదు.

ఇదంతా తలుచుకుంటూ ఆ ఆదివారం రాత్రి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. యాదృచ్ఛికీకరణ కొట్టేసి ‘చీటీ తీసినట్టుగా’ అని రాశాను. నియంత్రిత సమూహం తీసేసి ‘రెండో గుంపువాళ్ళకి మామూలుగా వాడే మత్తు మందులో సెలైన్ నీళ్ళు మాత్రమే కలుపుతాం’ అన్నాను. ‘మీరు వద్దన్నా మీ ఆపరేషన్, మీ మత్తు, మీ నొప్పి మాత్రలు ఏవీ ఆగవు. మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనరు. కారణం చెప్పక్కర్లేదు’ అని రాశాను. ‘నొప్పి ఎక్కువైతే ఏ గుంపులో ఉన్నా వెంటనే ఇంజెక్షన్ ఇస్తాం’ అని కూడా. ఇది ఆ పిల్లని మళ్ళీ అడిగి కనుక్కుని రాశాను, అసలు కాగితంలో లేదు. అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను. ‘ఫలితాంశం’ దగ్గర ఆపి “అంటే?” అంది. అది కూడా కొట్టేశాను.

మాటల మధ్యలో అమ్మ తన చిన్నాన్న సంగతి చెప్పింది. క్షయ వస్తే మదనపల్లె శానిటోరియంకి పంపాలని అందరూ అన్నారట. ఆ పక్క మనిషి తిరిగొస్తాడో లేదోనని ఇంట్లో ఏడుపులు. ఇంతలో ఊరి డాక్టరు, ఇప్పుడు ఇంట్లోనే ఉండి మందులు వాడుకోవచ్చు, మద్రాసులో చేసి చూశారని చెప్పాడట. తర్వాత వెతికి చూస్తే నిజమే. 1956లో మద్రాసులో పెట్టిన క్షయ పరిశోధన కేంద్రంలో కొందరు రోగుల్ని ఇంట్లోనూ, కొందర్ని శానిటోరియంలోనూ ఉంచి అవే మందులిచ్చారు. ఇరుకు ఇళ్ళల్లో అరకొర తిండి తింటూ ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లో మిగతావాళ్ళకి రోగం ఎక్కువగా అంటుకోనూ లేదు. అందులో చీటీ తీస్తే ఇంట్లో ఉండిపోవాల్సి వచ్చినవాళ్ళు ఆ రోజున ఏమనుకుని ఉంటారో! మంచి గాలి, పాలు, గుడ్లు మాకు లేవని ఏడ్చే ఉంటారు.

ఆ ఒక్క వాక్యం మాత్రం మిగిలిపోయింది. మీకు ఈ ఔషధము లభించకపోవచ్చును. ఎలా రాసినా నాకే నచ్చలేదు. రాత్రి పదకొండుకి, అక్కడ సాయంత్రం, అక్కకి ఫోన్ చేశాను. గట్టిగా ఊపిరి పీల్చుకుని విషయం చెప్పాను. మందు పేరు కూడా చెప్పాను. దాచి ఏం లాభం?

చాలాసేపు మాట్లాడలేదు. స్టవ్ మీద ఏదో వేగుతున్న చప్పుడు వినిపించింది. కట్టేసి వచ్చింది.

“నాతో ఎవరూ అనలేదే ఒక మాట. మీ బావగారితో అన్నారేమో నాకు తెలియదు. ‘ఇది మంచిదో కాదో మాకూ తెలియదమ్మా, అందుకే అడుగుతున్నాం’ అని. నేను వాళ్ళకన్నీ తెలుసనుకున్నాను. తెలిసి కూడా ఇవ్వలేదనుకున్నాను ఇన్నాళ్ళూ.”

అదే రాశాను: ‘రెండిట్లో ఏది మంచిదో మాకూ ఇంకా తెలియదు. అది తెలుసుకోవడానికే మిమ్మల్ని అడుగుతున్నాం. మీకు చీటీలో కొత్త మందు రాకపోవచ్చు.’

నాలుగు రోజులకి డాక్టరమ్మాయి ముఖం వేలాడేసుకుని వచ్చింది. గైడ్ సారు అంతా బాగుందన్నారట గానీ ‘మాకూ తెలియదు’ కొట్టేయమన్నారట. డాక్టర్లే తెలియదంటే పేషెంటు భయపడి పారిపోతాడని. ఆయన భయమూ అబద్ధం కాదు. “నీ ఇష్టమమ్మా. కానీ అది తీసేస్తే మిగతాదంతా నేను రాసినట్టు కాదు” అన్నాను. నాకే ఆశ్చర్యమేసింది అంత గట్టిగా అన్నందుకు. ఆ పిల్ల ఏమనుకుందో, రెండు రకాలుగానూ రాసి కమిటీకి పెట్టింది. ఎథిక్స్ కమిటీలో డాక్టరు కాని మనిషి ఒకరు ఉండి తీరాలని నియమమట. వీళ్ళ కమిటీలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారున్నారట. ఆయన ఆ వాక్యం చదివి, ఇది ఉంచండి, ఈ నాలుగు పేజీల్లో నాకు మొదటిసారికే అర్థమైంది ఇదేనన్నారట. ఉంచారు.

నిన్న సాయంత్రం బట్టలు తీయడానికి మేడ మీదకి వెళితే కనపడింది. మొదలుపెట్టావా అన్నాను.

“మొదలుపెట్టానాంటీ. మొదటి పేషెంటు ఆటో డ్రైవర్. ముంజేయి విరిగింది. మొత్తం చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. ‘మీకూ తెలియదా? అయితే నాకు వద్దు మేడమ్, మామూలుగా చేసేదే చేయండి’ అన్నాడు.”

“మరి?”

“మామూలుగానే చేశాం. బాగానే ఉన్నాడు. రెండో ఆవిడ ఒప్పుకుంది. ఇంకా యాభై తొమ్మిది మంది కావాలాంటీ” అని తల పట్టుకుంది.

రాత్రి అక్కకి ఈ సంగతి చెప్పాను. వద్దన్నాడా అని రెండుసార్లు అడిగింది. తర్వాత, ఆ రెండో ఆవిడకి ఏ చీటీ వచ్చిందో అడిగావా అంది.

“ఆ పిల్లకే తెలియదక్కా. కవర్లు విప్పేదాకా ఎవరికీ తెలియదు.”

“విప్పాక నాకు చెప్పు” అంది.